అంకెలూ - అడుగులూ

మా ఆవిడ మోకాలి నొప్పి మా యింట్లో నాలుగేళ్లు కాపురం చేసింది. రాంనగర్ గుండు దాకా నడిచివెళ్లి కూరలు తెచ్చుకునే మనిషి, వీధి గుమ్మం మూడు మెట్లు దిగడానికి నా భుజం పట్టుకోవలసి వచ్చింది. కీలు మార్చక తప్పదన్నారు. సరే, మార్చేదెవరు?

మా మనుమడు రెండు నిమిషాల్లో తేల్చేశాడు. ఫోనులో ఇద్దరు ఎముకల డాక్టర్ల పేర్లు చూపించి, "తాతయ్యా! ఈయనకు వ్యాసాలు ఎక్కువ, సైటేషన్లు ఎక్కువ, హెచ్-ఇండెక్సు ఎక్కువ. ఈయన దగ్గరికే వెళదాం" అన్నాడు.

మార్కులు చూసి అల్లుణ్ణి ఎంచినట్టున్నది! ఆ మార్కులేమిటో తెలియకుండా మా ఆవిడ కాలు అప్పగించడానికి నాకు మనసొప్పలేదు. చిక్కడపల్లి గ్రంథాలయంలో నాలుగు సాయంకాలాలు కూర్చున్నాను.

ఒక పరిశోధకుడు వ్యాసం వ్రాస్తూ, "ఫలానావారు ఇదివరకే ఇలా కనుగొన్నారు" అని పేర్కొంటే అది ఒక సైటేషను. వీటిని పట్టికగా కూర్చాలని 1955లో అమెరికాలో గార్‌ఫీల్డ్ ప్రతిపాదించాడు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త హెచ్-ఇండెక్సు కనిపెట్టాడు. ఒక డాక్టరు వ్యాసాల్లో పన్నెండింటిని, ఒక్కొక్కదాన్ని కనీసం పన్నెండుసార్లు ఇతరులు పేర్కొంటే ఆయన అంకె 12.

ఇది తీసిపారేయదగిన విషయం కాదు. పొదిలి ప్రాంతపు నీటిలోని ఫ్లోరైడు ఎముకలను పాడుచేస్తున్నదని 1937లో షార్ట్ మొదలైన డాక్టర్లు వ్రాశారు. 1955లో సిద్దిఖీ నల్లగొండ జిల్లా రోగుల సంగతి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. 1973లో మన తార్నాక పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు అలాంటి ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని గురించి లాన్సెట్‌లో వ్రాశారు. ఒకరు కట్టిన మెట్టుమీద మరొకరు కాలు మోపడమంటే ఇదే.

అయితే అంకెలోనూ కిటుకున్నది. మన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరం కొలిచే పద్ధతి వ్రాశారు. దాన్ని పదివేలకు పైగా వ్యాసాలు పేర్కొన్నాయి. ఎందుకంటే ఎన్నెన్నో ప్రయోగశాలలకు ఆ కొలత కావాలి. మోకాలి చిప్ప గురించి వ్రాస్తే అంతమంది ఎక్కడ చదువుతారు? పైగా మెచ్చుకుని పేర్కొన్నా, తప్పుపట్టి పేర్కొన్నా లెక్కలో ఒకటే!

ఇంకొక కథ నన్ను నిలవేసింది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మార్చే శస్త్రచికిత్సను 1961లో లాన్సెట్‌లో ప్రకటించాడు. ఆయన వాడిన టెఫ్లాన్ గిన్నెలు కొద్ది సంవత్సరాల్లోనే అరిగిపోయాయి. ఆయన ఆ రోగులను వదిలిపెట్టలేదు, తప్పు దాచలేదు. 1962లో గట్టి పాలిథీన్‌కు మారి, ఆ తరువాత కూడా రోగులను ఏళ్ల తరబడి పిలిచి చూశాడు. ఈనాటి కీళ్ల మార్పిడికి పునాది అదే.

అడగవలసిన ప్రశ్న నాకు దొరికింది.

పెద్ద అంకె గల డాక్టరుగారు నా మాట విని నవ్వారు. "నా వ్యాసాలన్నీ వెన్నెముక మీదండీ. మోకాళ్లు నేను చేసేది తక్కువ" అన్నారు. ఎంత మర్యాదస్తుడో! మా మనుమడి మొహం చూడవలసింది.

రెండో ఆయన దగ్గర, "మీరు మార్చిన మోకాళ్లు పదేళ్లకు ఎలా ఉన్నాయి?" అని అడిగాను. ఆయన లావుపాటి రిజిస్టరు తీశారు. చీము పట్టినవి, మళ్లీ తెరవవలసి వచ్చినవి ఎర్ర సిరాతో వ్రాసి ఉన్నాయి. "అన్నీ బాగుంటాయని చెప్పనండీ" అన్నారు. ఆయన ప్రకటించిన కొద్ది వ్యాసాలూ ఆ పుస్తకంలోంచి పుట్టినవే.

మా ఆవిడ నావైపు తిరిగి, "ఏమండీ, ఈయనే చేస్తారు" అన్నది. అప్పటిదాకా ఆవిణ్ణి ఎవరమూ అడగనే లేదు సుమా!

ఆపరేషనై ఎనిమిది నెలలయింది. మొన్న రాంనగర్ గుండు దాకా ఒంటరిగా వెళ్లి దొండకాయలు తెచ్చింది. ఏటా ఒకసారి వచ్చి చూపించుకోమన్నారు డాక్టరుగారు. "నేను వెళ్లకపోతే ఆయన లెక్క తప్పుతుంది" అంటూ ఆ తేదీని కాలెండరులో తనే గుర్తు పెట్టుకున్నది.