కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి: సెలవుల సభ్యత్వానికి విలువ కట్టడం ఎలా?

ఇల్లు కొనదలచిన గృహస్థుడు పత్రాలన్నీ ప్లీడరుకు చూపిస్తాడు, ఇరుగుపొరుగును విచారిస్తాడు, నెలల తరబడి తర్జనభర్జన పడతాడు. అదే గృహస్థుడు విహారయాత్రలో ఉన్నప్పుడు, రిసార్టు వారు ఉచితంగా పెట్టిన ఫలహారం ముగిసేలోగా, పాతికేళ్ళు అమలులో ఉండే ఒప్పందంపై సంతకం చేస్తాడు. ఈ వైచిత్రి మీదనే టైమ్‌షేర్ వ్యాపారం చాలావరకు నిలిచి ఉన్నది. బజారులో కూపను నింపినందుకు బహుమతి వచ్చిందనీ, దంపతులిద్దరూ వచ్చి స్వీకరించాలనీ మన నగరాలలో వచ్చే ఫోను పిలుపులలో అనేకం ఇటువంటి సమావేశానికే.

ఈ సభ్యత్వాలన్నీ మోసమని కొట్టిపారవేయడం న్యాయం కాదు. వాటివలన ఏటా సంతోషంగా గడుపుతున్న కుటుంబాలున్నవి. అయితే ఇది ఆస్తి అనుకొని కొన్నవాడు నష్టపోతాడు. ముందుగా చెల్లించిన అద్దె అనుకొని లెక్క చూచుకొన్నవాడు లాభపడవచ్చు. ఈ తేడా తెలుసుకోవడానికి సెకండ్‌హ్యాండ్ బజారును మించిన గురువు లేదు.

వారం నుంచి పాయింటుకు

ఒకే విడిదిని పలువురు కాలాన్ని బట్టి పంచుకోవచ్చునన్న ఆలోచన 1960 దశకంలో ఐరోపాలో రూపుదిద్దుకొన్నది. స్విట్జర్లాండులో హాపిమాగ్ సంస్థ 1963లో వెలిసింది. అమెరికాలో మొదట అమ్మకానికి వచ్చినది వారం. ఏటా ఫలానా వారం ఫలానా గది మీది. ప్రతి ఏడూ అదే చోటికి వెళ్ళి విసిగినవారు తమ వారాలను ఇచ్చిపుచ్చుకొనేందుకు 1974లో ఆర్.సి.ఐ. అనే మార్పిడి సంస్థ పుట్టింది. క్రమంగా అనేక సంస్థలలో వారం స్థానాన్ని పాయింటు ఆక్రమించింది.

డిస్నీ సంస్థ 1991లో ఆరంభించిన వెకేషన్ క్లబ్ ఈ పాయింట్ల పద్ధతికి చక్కని ఉదాహరణ. ఈ క్లబ్బు విడుదులలో అధికభాగం ఉన్న ఫ్లోరిడాలోని ఓర్లాండో ప్రాంతం, అమెరికాలోని తెలుగు కుటుంబాలకు కొత్త కాదు. సభ్యుడు ఒక రిసార్టును తన సొంత రిసార్టుగా ఎంచుకొని, ఏటా ఇన్ని పాయింట్లని కొంటాడు. గది పరిమాణాన్ని, ఋతువును బట్టి ఒక్కొక్క రాత్రికి ఇన్ని పాయింట్లు ఖర్చవుతాయి. ఈ ఏడు మిగిలినవాటిని వచ్చే ఏటికి దాచుకోవచ్చు. వచ్చే ఏటివి ముందుగా వాడుకోవచ్చు. సొంత రిసార్టులో 11 నెలల ముందు, తక్కిన చోట్ల 7 నెలల ముందు గదిని కోరవచ్చు. రద్దీ రోజులలో గది దొరుకుతుందా లేదా అన్నది తరచు ఈ 4 నెలల తేడా మీదనే ఆధారపడుతుంది.

ధర ఎందుకు పడిపోతుంది?

కంపెనీ నుంచి నేరుగా కొన్నవాడు గదికి మాత్రమే ధర చెల్లించడు. తనకు పెట్టిన ఫలహారానికి, ఇచ్చిన కానుకకు, అమ్మినవాని కమీషనుకు, అదే ఫలహారం తిని కొనకుండా లేచిపోయినవారి ఖర్చుకు కూడా తానే చెల్లిస్తాడు. అతడు తిరిగి అమ్మబోయినప్పుడు ఆ ఖర్చులను భరించే రెండవ కొనుగోలుదారు దొరకడు. అందుచేతనే డిస్నీ వంటి గిరాకీ ఉన్న పాయింట్లు సైతం పలు రిసార్టులలో కంపెనీ ధరకు బాగా దిగువనే చేతులు మారుతుంటాయి. అంతటి పేరులేని అనేక టైమ్‌షేర్లు ఒక్క డాలరుకు ఇస్తామన్నా పోవు. కొన్నవాడికి వార్షిక నిర్వహణ రుసుము మెడకు చుట్టుకొంటుంది గనుక ఉచితంగా పుచ్చుకొనేవాడైనా ఉండడు. కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి అన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజం.

అలాగని సెకండ్‌హ్యాండ్ సరుకు అన్ని విధాలా కొత్తదానితో సమానం కాదు. డిస్నీ విషయంలో, 2019 జనవరి 19 తరువాత మొదటి 14 రిసార్టులలో దేనినైనా ఇతర సభ్యుని నుంచి కొన్నవారు, రివియేరా మొదలుకొని కొత్తగా వచ్చిన రిసార్టులలో ఆ పాయింట్లు వాడలేరు. రివియేరాను అలా కొన్నవారు అక్కడ తప్ప మరెక్కడా వాడలేరు. అమ్మకానికి బేరం కుదిరిన తరువాత కూడా, అదే ధరకు తానే కొనే మొదటి హక్కు కంపెనీకి ఉంటుంది; అది హక్కును వదులుకొన్నదాకా కొనుగోలు ఖాయం కాదు. ఇక గడువు చూడాలి. బోర్డ్‌వాక్, బీచ్‌క్లబ్ రిసార్టుల ఒప్పందాలు 2042 జనవరి 31తో ముగుస్తాయి. రివియేరా 2070 వరకు ఉంటుంది. ఆ తేదీ దాటిన మరుక్షణం పాయింట్ల విలువ సున్న. ఏటేటా కరిగిపోయే ఈ మంచుగడ్డను ఆస్తి అనడం మాటల గారడీయే.

కాగితం మీద లెక్క

సులువుగా ఉండేందుకు కొన్ని అంకెలు ఊహించుకొందాం. గడువు 15 ఏళ్ళు మిగిలిన 150 పాయింట్లు, పాయింటుకు 100 డాలర్ల చొప్పున సెకండ్‌హ్యాండుగా కొన్నారనుకోండి. పెట్టుబడి 15,000 డాలర్లు. ఏటికి 1,000 పడుతుంది. నిర్వహణ రుసుము పాయింటుకు 10 డాలర్లయితే ఏటా 1,500. మొత్తం 2,500. ఈ పాయింట్లకు ఏటా 7 రాత్రులు వస్తే, రాత్రికి సుమారు 357 డాలర్లు.

కంపెనీ వద్ద పాయింటు 200 డాలర్లకు కొన్నవానికి పెట్టుబడి 30,000, రుసుముతో కలిపి ఏటా 3,500, రాత్రికి 500. రెండవ చేతి నుంచి కొన్నవాడు తెలివైనవాడుగానే కనిపిస్తాడు. అయితే అతడు పనుల ఒత్తిడి వలన 15 ఏళ్ళలో 10 ఏళ్ళే వెళ్ళగలిగి, తక్కిన పాయింట్లు వృథా అయినాయనుకోండి. అతడు పెట్టిన మొత్తం 37,500 డాలర్లు 10 యాత్రలకే పంచబడి, రాత్రికి సుమారు 536 డాలర్లవుతుంది. సగం ధరకు కొని మూడేళ్ళకొకసారి మానుకొన్నవానికంటె, పూర్తి ధరకు కొని ఏటా వెళ్ళినవానికే చవక! సభ్యత్వం విలువను ప్రధానంగా నిర్ణయించేది కొన్న ధర కాదు, వాడిన రోజులు. పైగా నిర్వహణ రుసుము స్థిరంగా ఉండదు, పెరుగుతూ పోతుంది. చవకగా కొన్నాడని ఎవరికీ తగ్గించరు.

మన దేశంలో

భారతదేశంలో స్టెర్లింగ్ సంస్థ 1986లో ఈ వ్యాపారం ప్రారంభించింది. మహీంద్రా హాలిడేస్ 1996లో ఏర్పడి, క్లబ్ మహీంద్రా పేరుతో 25 ఏళ్ళ సభ్యత్వాన్ని మధ్యతరగతికి పరిచయం చేసింది. ఆ సభ్యత్వాలలో సంవత్సరాన్ని పర్పుల్, రెడ్, వైట్, బ్లూ ఋతువులుగా విభజిస్తారు. తక్కువ గిరాకీ ఋతువు చవకే, కాని పిల్లల సెలవులు, పండుగలు ఎక్కువగా గిరాకీ ఋతువులలోనే పడతాయి. చవక రంగును ఎంచుకొనేముందు ఇంట్లో బడి క్యాలెండరు తిరగవేయడం మంచిది.

ఇక్కడ వడ్డీని మరచిపోరాదు. 5 లక్షల రూపాయలు చెల్లించి, ఏటా 20,000 రుసుము కడుతూ 7 రాత్రులు పొందే సభ్యుని ఊహించుకొందాం. ఆ 5 లక్షలు 6 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏటా 30,000 వస్తుంది. కాబట్టి అతని అసలు ఖర్చు ఏటా 50,000. రాత్రికి సుమారు 7,140. భోజనం, రైలు చార్జీలు, పన్నులు వేరు. బ్యాంకులో వేసినవానికి పాతికేళ్ళ తరువాత అసలు చేతిలో ఉంటుంది, సభ్యునికి ఉండదు. ఆ డబ్బుకే అదే స్థాయి గది కోరిన రోజున బయట దొరుకుతుంటే సభ్యత్వంతో పని లేదు. పెద్ద కుటుంబమై, వంటగదితో కూడిన విడిది కావలసి, ఏటా తప్పక వెళ్ళేవారైతే లెక్క అనుకూలంగా రావచ్చు.

బయటపడే దారి

సంతకం చేసిన తరువాత మనసు మార్చుకొనేందుకు ఐరోపా సమాఖ్య చట్టం 14 రోజులు, ఫ్లోరిడా చట్టం 10 రోజులు గడువిస్తున్నవి. మన దేశంలో టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం లేదు. ఒప్పందంలో రాసిన గడువే ఆధారం. అన్యాయమైన ఒప్పందంపై 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం క్రింద కమిషనును ఆశ్రయించవచ్చు. అమెరికాలో అనేక టైమ్‌షేర్లు దస్తావేజు రూపంలో ఉండి, యజమాని మరణానంతరం ఎస్టేటులో భాగమవుతాయి. వద్దనుకొనే వారసులు చట్టప్రకారం నిరాకరించవలసి ఉంటుంది.

అమ్ముకోలేక అవస్థపడుతున్న యజమానుల చుట్టూ మోసగాళ్ళు చేరారు. “కొనేవారు సిద్ధంగా ఉన్నారు, ముందుగా కొంత రుసుము పంపండి” అన్నది వారి పాట. మెక్సికోలో టైమ్‌షేర్లున్న అమెరికనులను ఒక మాదకద్రవ్యాల ముఠా ఇలాగే దోచుకొంటున్నదని 2024 జూలైలో అమెరికా ట్రెజరీ శాఖ, ఎఫ్.బి.ఐ. హెచ్చరించాయి. అమ్మకం పూర్తికాకముందే డబ్బు అడిగేవానికి ఒక్క పైసా ఇవ్వకపోవడమే రక్షణ.

కొనదలచినవారు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. గడువు ఇంకా ఎన్నేళ్ళు? గత ఐదేళ్ళలో వార్షిక రుసుము ఎంత పెరిగింది? ఈ పాయింట్లు కొత్త యజమానికి ఎక్కడెక్కడ చెల్లుతాయి? గత ఐదేళ్ళలో మన కుటుంబం నిజంగా ఎన్నిసార్లు విహారయాత్రకు వెళ్ళింది? మొదటి మూడింటికి జవాబులు కాగితం మీద కోరాలి. నాలుగవదానికి జవాబు అమ్మేవానికి తెలియదు, మీకే తెలుసు. సందేహం మిగిలితే, వాడుకోలేని సభ్యుల నుంచి ఒక ఏడాది పాయింట్లు అద్దెకు తీసుకొని వెళ్ళి చూడవచ్చు. డిస్నీ పాయింట్ల విషయంలో ఇది వాడుకలో ఉన్న పద్ధతే.

ఈ రోజు సంతకం చేస్తేనే ఈ ధర, రేపు ఉండదు అని అమ్మేవారు చెబుతారు. నిజమే, రేపు ఆ ధర ఉండదు. సెకండ్‌హ్యాండ్ బజారులో తరచు అంతకంటె తక్కువే ఉంటుంది.