విశ్వవిద్యాలయ గ్రంథాలయ నిర్వహణకు గణనయంత్ర పద్ధతి – ధర్మపురి ప్రాంతపు తెలుగు పాఠకుని దృష్టితో

సేలమునుండి అరూరునకు పోవు మార్గమున మంజవాడి కనుమ దాటిన పిమ్మట పాపిరెడ్డిపట్టి ప్రాంతము వచ్చును. ధర్మపురి జిల్లాలోని ఈ యూరి పేరును తెలుగున వ్రాయుటలో చిక్కేమియు లేదు. తమిళ లిపిలో వ్రాయువారు తొలి పకారము తరువాతి పకారమును ద్విత్వము చేయుదురు. టకార డకారములకు ఆ లిపియందు ఒకే యక్షరము గలుగుటచే ‘రెడ్డి’ యనునది ‘రెట్టి’ యని చదువదగినట్లుండును. ఆంగ్ల లిపిలో కొందరు ఒక ‘పి’తోను, కొందరు రెండు ‘పి’లతోను వ్రాయుచున్నారు. ఊరు ఒక్కటే, రూపములు నాలుగు. ఊరివారికి దీనివలన బాధ లేదు. తాము ఎక్కవలసిన బస్సు ఏదియో వారెరుగుదురు. గణనయంత్రము ఎరుగదు. దాని దృష్టిలో నాలుగు రూపములును నాలుగు ఊళ్లు. గ్రంథకర్తల పేర్లకును గ్రంథనామములకును ఇదే గతి పట్టినప్పుడు బీరువాలోనున్న పుస్తకము లేనట్లే యగును.

1965లో సేలము జిల్లానుండి ధర్మపురి జిల్లా వేరుపడెను. 2004లో దానినుండి కృష్ణగిరి జిల్లా ఏర్పడెను. ఈ మూడు జిల్లాలయందును తరతరములుగా తెలుగు మాటలాడు కుటుంబములు పెక్కు గలవు. 2006లో తమిళనాట తమిళ బోధన చట్టము వచ్చినది. దాని ననుసరించి 2006-07లో ఒకటవ తరగతితో మొదలిడి, ఏటికొక తరగతి చొప్పున, పాఠశాలలలో తమిళము తప్పనిసరి ప్రథమభాషగా విధింపబడెను. దాని న్యాయాన్యాయములు వేరొక వ్యాసమునకు చెందినవి. గ్రంథాలయమున కిచట కావలసిన సంగతి యొక్కటే: ఇంట తెలుగు మాటలాడుచు, తెలుగు లిపి చదువలేని విద్యార్థులు ఈ ప్రాంతమున గలరు. తాత చెప్పిన పుస్తకము పేరు చెవితో తెలిసియుండియు కన్నుతో పోల్చుకొనలేని పాఠకుడు గ్రంథాలయ ద్వారమున నిలిచినప్పుడు, సూచిక యతనికి దారి చూపునా, త్రోసిపుచ్చునా? విశ్వవిద్యాలయ గ్రంథాలయమునకు నూతన నిర్వహణ పద్ధతిని రూపొందించువారు ఈ ప్రశ్నను చివర కాక మొదటనే వేసికొనవలెను.

1997లో సేలమున పెరియార్ విశ్వవిద్యాలయము స్థాపింపబడువరకు ఈ సీమలోని కళాశాలలు మద్రాసు విశ్వవిద్యాలయమునకు చెందియుండెను. ఆ మద్రాసు విశ్వవిద్యాలయమునకు 1924లో గ్రంథపాలకుడైన శియాళి రామామృత రంగనాథన్ గణితశాస్త్రోపాధ్యాయుడు. ఆయన 1931లో గ్రంథాలయశాస్త్రమునకు ఐదు సూత్రములను ప్రకటించెను. 1933లో కోలను వర్గీకరణమును వెలువరించెను. పాఠకుని కాలమును కాపాడవలెనని ఆయన చెప్పినది గణనయంత్రములు పుట్టకమునుపు. ఐనను నేటి పద్ధతిని పరీక్షించుటకు ఇంతకన్న మంచి గీటురాయి కనబడదు.

పూర్వపు పద్ధతిని తెలిసికొననిదే క్రొత్తదాని మేలు తెలియదు. మన గ్రంథాలయములలో చిరకాలము వాడుకలోనుండినది బ్రౌన్ పద్ధతి. పాఠకునికి ఎన్ని పుస్తకములు ఈయవచ్చునో అన్ని చిన్న సంచివంటి టిక్కెట్లు ఇత్తురు. ప్రతి పుస్తకమునందును ఒక కార్డు ఉండును. పుస్తకము ఇచ్చునప్పుడు ఆ కార్డును పాఠకుని టిక్కెట్టులో దూర్చి, తిరిగి ఈయవలసిన తేదీ ననుసరించి పెట్టెలో నిలుపుదురు. ఎంతటి తెలివిగల యేర్పాటు! ఒక్క వ్రాతయు లేకయే అప్పు నమోదైనది. గడువు మీరిన పుస్తకము లేవో పెట్టె చూచినంతనే తెలియును. కాని ఫలానా పుస్తకము ఎవరి చేతనున్నదని అడిగినచో, తేదీ తెలియనప్పుడు పెట్టె యంతయు వెదకవలెను. ఫలానా పాఠకుని యొద్ద ఏయే పుస్తకము లున్నవని అడిగినను అంతే. కార్డు ఒకేసారి ఒక్క వరుసలోనే యుండగలదు గదా. గణనయంత్రమున నమోదైన అప్పు ఒక్కటే యైనను, తేదీ వరుసను, పుస్తకపు వరుసను, పాఠకుని వరుసను కోరినట్లు చూపును. మొత్తము విప్లవ మింతమాత్రమే. తక్కినవి దీని శాఖలు.

అందుచే నిర్మాణమున మొదట స్థిరపరుపవలసినది మూడు పట్టికలు: గ్రంథము, ప్రతి, పాఠకుడు. గ్రంథమును ప్రతియు వేరని చెప్పుట సామాన్యముగ దోచును; కాని ఈ భేదము పాటింపని పద్ధతులు చాల కలవు. ఒకే గ్రంథమునకు ఐదు ప్రతులున్నచో దాని పేరును ఐదుమారులు వ్రాయుదురు, ఐదింటిలో రెండు తప్పులు దొర్లును. పేరు ఒక్కచోట నుండవలెను. పరిగ్రహణ సంఖ్యయు, అరయు, చినిగినదా బాగున్నదా యనునదియు ప్రతికి చెందవలెను. అప్పు అనునది ప్రతికిని పాఠకునికిని నడుమ ముడి. 1998లో అంతర్జాతీయ గ్రంథాలయ సమాఖ్య ఇంకొక మెట్టు పైకిపోయి, రచన, దాని భాషారూపము, ముద్రణము, ప్రతి యని నాలుగు అంతరములను చెప్పెను. ఈ సీమకు అది మిక్కిలి యుపకరించును. తిరుక్కురళ్ తమిళ మూలమును, దానికి తెలుగున వెలసిన అనువాదములును ఒకే రచనక్రింద చేర్చినచో, తమిళ గ్రంథమును వెదకినవాడు ఆశింపకయే తెలుగు గ్రంథమును గూడ చూచును.

ఇక పేర్ల సంగతి. ఇచట కొంత నిలువక తప్పదు. తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును: విశ్వనాథ సత్యనారాయణ యనుచో విశ్వనాథ ఇంటిపేరు. పాశ్చాత్య నియమముననుసరించి కడపటి మాటను ఇంటిపేరుగా తీసికొను యంత్రము ఆయనను ‘సత్యనారాయణ’ల గుంపులో కలిపివేయును. తమిళులకు పెక్కుమందికి ఇంటిపేరు లేదు. ఊరి పేరో తండ్రి పేరో పొడి అక్షరమై ముందు నిలుచును. రంగనాథన్ పేరే చూడుడు: శియాళి ఊరు, రామామృత తండ్రి పేరు, రంగనాథన్ తన పేరు. కలము పేర్లు మరియొక చిక్కు. శ్రీశ్రీ యనినను శ్రీరంగం శ్రీనివాసరావు అనినను, ఆరుద్ర యనినను భాగవతుల సదాశివశంకరశాస్త్రి యనినను పాఠకుడు ఒకే చోటికి చేరవలెను. దీనికి నామనిర్ణయ పట్టిక కావలెను. ప్రతి గ్రంథకర్తకును ఒక సంఖ్య, ఆ సంఖ్యక్రింద అతని పేరునకు గల అన్ని రూపములు, అన్ని లిపులు. పాఠకుడు ఏ రూపముతో వెదకినను సంఖ్య యొక్కటే తగులును.

లిపి విషయమున పని మరింత సూక్ష్మమైనది. 1991లో వెలువడిన యూనికోడు తొలి ప్రతియందే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడెను. అంతకుమున్నును, ఆ పిమ్మట చాలకాలమును, అచ్చుపనికై యేర్పడిన ఫాంట్లతో టైపు చేసిన సూచికలు కలవు. వానిలో తెరమీద తెలుగు కనబడును గాని, లోపల నిలువయున్నవి ఆంగ్లాక్షరముల సంకేతములు. ఫాంటు మారిన నాడు అవి అర్థరహితములగును. కావున పాత సూచికను మార్చునప్పుడు ఏ ఫాంటుతో టైపు చేసిరో ముందు కనుగొని, దానికి తగిన మార్పిడి పట్టికను వాడవలెను. యూనికోడులోను ఒక మెలిక గలదు. ఐత్వమును ఒకే గుర్తుగ వ్రాయవచ్చును. ఎత్వమును, ఐత్వపు దీర్ఘచిహ్నమును విడివిడిగ చేర్చియు వ్రాయవచ్చును. కంటికి రెండును ఒకటే, యంత్రమునకు వేరు. నిలువచేయుటకు ముందే అన్నిటిని ఒకే రూపమునకు తెచ్చు నియమ ముండవలెను.

వెదకులాటలో ఇంకను ఉదారత కావలెను. పాత ముద్రణములలో అరసున్నయు శకటరేఫయు నుండును. నేటివారు వానిని టైపు చేయరు. ‘భారతము’ అని పుస్తకముమీద నుండగా ‘భారతం’ అని పాఠకుడు వ్రాయును. థకార ధకారములు తారుమారగుట నిత్యము కనబడునదే. వ్రాతలో గ్రంథమున నున్నది ఉన్నట్లే చూపవలెను, వెదకుటలో మాత్రము ఈ భేదములను విస్మరింపవలెను. ఈ రెండింటిని కలిపివేసి, సౌకర్యమునకై గ్రంథనామమునే దిద్దువారు చరిత్రకు ద్రోహము చేసినవారగుదురు. అకారాది క్రమమునకును నిర్ణయము కావలెను. సంకేతముల వరుసను బట్టి పోయినచో క్షకారము కకారముక్రింద పడును; వర్ణమాల చివర దానిని చదివినవాడు అచట వెదకి నిరాశ చెందును. ఏ క్రమమైనను సరే, దానిని తెరమీద ప్రకటింపవలెను.

లిపి రాని పాఠకునికై, తెలుగు గ్రంథనామమును తెలుగు లిపిలోను, ఆంగ్ల లిపిలోను, ఈ ప్రాంతమునకు తమిళ లిపిలోను నమోదు చేయుట యవసరము. దీనికి క్రొత్త యేర్పాటు కల్పింప పనిలేదు. 1960ల నడుమ అమెరికాలో హెన్రియెట్ అవ్రమ్ నాయకత్వమున రూపొందిన ‘మార్క్’ నమూనాలో గ్రంథనామమునకు 245, గ్రంథకర్తకు 100 అని గడులకు సంఖ్యలున్నవి. అన్యలిపి రూపమునకు 880 అను గడి గలదు. తమిళ లిపిలో వర్గాక్షరముల భేదము అణగిపోవుటచే, ఆ రూపముతో వెదకిన కొన్ని అనవసర ఫలితములును వచ్చును. అది సహింపదగిన దోషమే. ఏమియు రాకుండుటకన్న ఎక్కువ వచ్చుట మేలు. డ్యూయీ వర్గీకరణమునందు తమిళ సాహిత్యము 894.811, తెలుగు సాహిత్యము 894.827 గనుక, అంకెలు చదువగలవాడు అరవరకు పోవుటకు లిపియే అక్కరలేదు.

పద్ధతిని తొలినుండి వ్రాయింపవలెనా, ఉన్నదానిని తీసికొనవలెనా? గుజరాతునందలి ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము విశ్వవిద్యాలయములకై ‘సోల్’ను తయారుచేసెను. న్యూజీలాండున హోరోఫెనువా గ్రంథాలయమునకై 1999లో ఆరంభింపబడి, 2000లో నడకలోనికి వచ్చిన ‘కోహా’ను ఎవరైనను ఉచితముగ వాడుకొని మార్చుకొనవచ్చును; ఆ మాటకు మావోరీ భాషలో కానుక యని అర్థము. హైదరాబాదున పుట్టిన ‘న్యూజెన్‌లిబ్’ 2008లో స్వేచ్ఛాలైసెన్సుతో విడుదలయ్యెను. పైన చెప్పిన వెదకులాట నియమములు వీనిలో దేనియందైనను అదనముగ చేర్పవలసినవే గనుక, మూలసంకేతము చేతికి వచ్చు పద్ధతియే ఈ పనికి తగినది. తెలుగు పాఠకులు కొద్దిమందియే యుండు గ్రంథాలయమునకై వ్యాపారసంస్థ యేదియు తన పద్ధతిని సవరింపదు.

అనుబంధ కళాశాలలకును ఒకే పద్ధతిని విస్తరించునప్పుడు, తంతి తెగుటయు విద్యుత్తు పోవుటయు లెక్కలోనికి తీసికొనవలెను. పుస్తకము బయటికి పోయినదని గుర్తించుట, పాఠకుని పేర అప్పు వ్రాయుట – ఈ రెండును కలిసి జరుగవలెను, లేదా రెండును జరుగరాదు. సగములో దీపమారినచో సగపు వ్రాతను యంత్రము తనంతట తొలగింపవలెను. కేంద్రముతో సంబంధము లేనప్పుడు కళాశాలలోని యంత్రమే ఇచ్చిపుచ్చుకొనుటలను కాలముతో సహా వ్రాసియుంచి, పిదప పంపవలెను. పుస్తకము తిరిగివచ్చిన పిమ్మట, జుల్మానా బాకీ లేనిచో, ఎవరు ఏమి చదివిరను ముడిని త్రెంచివేయుట మంచిది. ఎన్నిమారులు పోయినదో లెక్క చాలును. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినను, ఈ మర్యాద చట్టముకన్న పాతది.

అన్నిటికంటె ఖర్చు పాత పుస్తకముల నమోదున కగును. క్రొత్త ఆంగ్ల గ్రంథమైనచో అట్టమీది అంతర్జాతీయ ప్రమాణ సంఖ్యను యంత్రమునకు చూపినంతనే వివరములు ఇతర గ్రంథాలయములనుండి దిగుమతి యగును. ఆ సంఖ్య 1970లో ప్రమాణమయ్యెను. అంతకు పూర్వపు వావిళ్లవారి ముద్రణములకు అది యుండదు. వానిని చేతబట్టి, ముఖపత్రము చదివి, ఒక్కొక్కటిగ వ్రాయవలసినదే. అందులకు తెలుగు చక్కగ చదువగల ఉద్యోగి కావలెను. అట్టివాడు దొరకని గ్రంథాలయమునకు పొరుగున కుప్పమున 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయమువంటి సంస్థల సాయము కోరదగియున్నది. ముఖపత్రముల ఛాయాచిత్రములను తీసి పంపినచో నమోదు అచటనే చేయించి, 880వ గడిలోని తమిళ రూపమును మాత్రము ఇచట నింపుకొనవచ్చును. పని విభజన యిట్లు కుదిరినచో ఒక బీరువాతో, అందును తెలుగు బీరువాతో, ప్రారంభించుట యుక్తము. పైన చెప్పిన నియమములలో పనికిరానివి ఏవో ఆ యొక్క బీరువాలోనే బయటపడును.