పాత కారు ఏ యేటిది?

పటాన్‌చెరు పారిశ్రామిక ప్రాంతమున, సుల్తాన్‌పూర్ వంటి గ్రామములలో, తాతలనాటి అంబాసిడర్ కారు ఏ కొట్టములోనో గోనెపట్టాల క్రింద మిగిలియున్నచో, దాని వయస్సును ఇంటివారు తలకొక రీతిగా చెప్పుట సహజము. ఇది వట్టి ముచ్చట కాదు. 2021లో కేంద్ర ప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషన్ నుండి 50 యేండ్లు దాటి, చాసీ, బాడీ, ఇంజనులలో పెద్దమార్పు పొందని బండియే వింటేజి వాహనమగును. కనుక ఆనవాళ్లు చెరగకముందే యేడు తేల్చుకొనవలెను.

కారుకు మూడు తేదీలుండును: చాసీ తయారైన తేదీ, బాడీ అమర్చిన తేదీ, రిజిస్టరు చేసిన తేదీ. ఇవి వేరుకావచ్చునని తెలియుటకు, సుల్తాన్‌పూరుకు ఎంతో దూరము లేని హైదరాబాదులో, చౌమహల్లా ప్రాసాదమునందున్న నిజాము సిల్వర్ ఘోస్టు కారును చూడవచ్చును. ఆనాడు రోల్స్‌రాయిస్ వారు చాసీని, ఇంజనును మాత్రమే చేసెడివారు; దీని బాడీ లండనులోని బార్కర్ కంపెనీవారిది. ఆర్డరిచ్చిన మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టులో మరణించెను. కారు ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు చేరినది. దీనిని కొందరు 1911 నాటిదనియు, కొందరు 1912 నాటిదనియు అందురు. ఏ తేదీని లెక్కించుచున్నామో ముందుగా చెప్పుకొన్నచో ఇట్టి తగవులు చాలవరకు తీరును.

ఇక మన అంబాసిడరు సంగతి. 1962లో వచ్చిన మార్క్ 2 ముందరి జాలీ చిన్నచిన్న గళ్లతో ఉండును. 1975లో వచ్చిన మార్క్ 3కి అడ్డపట్టీలు గలవు. కాని గళ్లజాలీ తెలుపునది 13 యేండ్ల వ్యవధిని మాత్రమే. పైగా బోల్టులు విప్పి దానిని మార్చవచ్చును. 1959లో ప్రక్కవాల్వుల ఇంజనుకు బదులు పైవాల్వుల ఇంజను వచ్చినది. అయితే ఇంజనును సయితము మార్చుట కలదు. రంగు, సీట్లు, దీపముల మాట చెప్పనేల?

వీటికంటె నమ్మదగిన సాక్షి చాసీ సంఖ్య. దానిని గరుకు కాగితముతో రుద్దరాదు, అంకెలు అరిగిపోవును. కిరసనాయిలులో తడిపిన గుడ్డతో మడ్డి తుడిచి, ఆరిన పిమ్మట పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్దినచో అచ్చు పడును. ఆ అచ్చును రిజిస్ట్రేషన్ పుస్తకముతో సరిచూచి, తయారీదారుల పట్టికలు దొరకినచో వానితోను పోల్చవలెను.

మెకానిక్కును పిలుచుటకు ముందే ఈ పని చేయవలెనని మా మనవి. కొత్త బాడీతో బండి మెరయవచ్చును. కాని వింటేజి అనిపించుకొను హక్కు పోవును.