సులై వంక

ఉగాది సంచికకు ఏదైనా రాయమని సంఘం పెద్దలు అడిగినప్పుడు, నాకు తెలిసింది సులై ఒక్కటే కదా అనిపించింది. రియాద్‌లో కుటుంబాలతో ఉండే మనవాళ్ళు అటు రావడం తక్కువ. గోదాములు, ట్రక్కులు, వర్క్‌షాపులు తప్ప అక్కడ చూడటానికేముంది అంటారు. స్టోరుకీపరుగా 2008లో అక్కడ దిగిన నేనూ అలాగే అనుకున్నాను.

నగరానికి పడమర వాది హనీఫా, తూర్పున వాది సులై. అరబ్బులు వాది అనేదాన్ని మా కడప వైపు వంక అంటాం. ఏడాది పొడుగునా ఎండి ఉంటుంది, వానొస్తే పారుతుంది. అనంతపురంలో ఏటా 550 మిల్లీమీటర్ల వాన పడితే, ఇక్కడ పడేది సుమారు 100. అదీ ఒకటి రెండు జడివానల్లోనే కురిసిపోవచ్చు. గట్టి నేల, పైన సిమెంటు, తారు. నీరు ఇంకే దారి లేక పల్లం వెతుక్కుంటుంది.

మా గోదాము పల్లంలోనే ఉండేది. పెట్టెలు నేల మీద పెట్టొద్దని యెమెన్ కాపలాదారు చెప్పేవాడు. "ఇది వాది" అనేవాడు. వంకల మధ్య పెరిగినవాణ్ణి, అయినా నవ్వేశాను. 2010 మే 3న రియాద్‌ను ముంచిన వానకు మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. నా గదిలో ఉండే రాయచోటి తమ్ముడు చెల్లెలి పెళ్ళికని రెండేళ్ళుగా కొన్న సామానంతా అట్టపెట్టెల్లో, నేను చూపిన మూలనే ఉంది. వారం రోజులు దుప్పట్లు, చీరలు ఆరబెట్టాడు. "పోనీలే అన్నా" అన్నాడే గాని, నా ముఖం చూడలేదు.

అప్పటినుంచే ఈ నేల గురించి అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. మన కడప పేరుతో శిలలున్నట్టే, భూగర్భ శాస్త్రంలో సులై పేరుతోనూ ఒక సున్నపురాతి పొర ఉంది. సుమారు 14 కోట్ల ఏళ్ళ నాటి సముద్రపు అడుగు అది! దాని కింద హిత్ అనే పొర. అది పైకి కనిపించే హిత్ గుహ కూడా రియాద్‌కు ఆగ్నేయానే ఉంది. తూర్పున చమురు పైకి పోకుండా మూతపెట్టినట్టు కప్పి ఉంచింది ఆ పొరే. ఆ మూతే లేకుంటే మనలో ఎందరం ఇక్కడికి వచ్చేవాళ్ళమో!

రెండు వాదులనూ కలుపుతూ 135 కిలోమీటర్ల స్పోర్ట్స్ బులవార్డ్‌ను 2019లో ప్రకటించారు. నడకదారులు, చెట్లు అంటున్నారు. పిల్లలతో తప్పక రండి. మబ్బు పట్టిన రోజున మాత్రం కారు పల్లంలో ఆపకండి.