తుపాను రోజులకు గుప్పెడు గింజలు

ఆశ్వయుజం వెళ్ళి కార్తికం ప్రవేశించగానే నెల్లూరు తీరవాసుల చూపు సముద్రంవైపు మళ్ళుతుంది. ఈ సీమకు వానలు ప్రధానంగా ఈశాన్య ఋతుపవనాలవల్ల వస్తాయి. చెరువులు నిండేదీ, వాయుగుండాలు తీరం దాటేదీ ఈ నెలలలోనే. 1984 నవంబరులో శ్రీహరికోట సమీపాన, 1989 నవంబరులో కావలి సమీపాన తీరం దాటిన తుపానులను పెద్దలు నేటికీ మరువలేదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు వద్ద జాతీయ రహదారి, రైలుమార్గం రెండూ దెబ్బతిన్నాయి. దారులు తెగిన తరువాత అంగడికి సరుకు రాదు. కూరగాయలు, పాలు రెండవనాటికే కరవవుతాయి.

ఇంట్లో బియ్యపు బస్తా ఉంటే మనకొక ధైర్యం. అయితే వట్టి అన్నం ఆకలి తీరుస్తుందేగాని ధాతుపుష్టిని కలిగించదు. పసిపిల్లలు, గర్భిణులు, వృద్ధులు ఉన్న ఇంట బియ్యంతోపాటు పప్పుగింజలు నిల్వ ఉండి తీరాలి.

ఎంత కావాలి?

నూరు గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 7 గ్రాములు. అదే బరువు ఉలవలలో 22, పెసలు, అలసందలలో 24 గ్రాముల వరకు ఉంటాయి. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ తక్కువ. పప్పుగింజలలో అది సమృద్ధి. గింజలలో కొరవడిన మిథియోనిన్‌ను బియ్యం సమకూరుస్తుంది. మన పప్పన్నంలో ఇంత ఔచిత్యం ఉన్నది.

మనిషికి రోజుకు 60 గ్రాముల చొప్పున, నలుగురున్న కుటుంబానికి పది రోజులకు 2 కిలోల 400 గ్రాములు కావాలి. మూడు కిలోల గింజలు వేరుగా దాచుకుంటే చాలు. మధ్యతరగతి సంసారానికి ఇది మోయలేని ఖర్చు కాదు.

శాస్త్రదృష్టిలో గుణదోషాలు

ఆయుర్వేదం వీటిని శమీధాన్యాలుగా వర్ణించింది. వీటిలో పెసలు శ్రేష్ఠం, లఘువు, కఫపిత్తహరం. జఠరాగ్ని మందగించే వానరోజులలో, జ్వరం తగ్గినవారికి పెసరకట్టు పథ్యం. ఉలవలు ఉష్ణవీర్యం, కఫవాతహరం. చలిగాలికి వణికే దేహానికి ఉలవచారు హితం. కాని పిత్తప్రకృతి గలవారు, కడుపులో మంట, పుండు ఉన్నవారు మితంగా వాడాలి. అలసందలు గురువు, రూక్షం. ఇంగువ, అల్లం, వెల్లుల్లి చేర్చకుంటే వాతం చేస్తాయి. మినుములు బలకరమే అయినా జీర్ణం కావడం కష్టం.

కొత్త ధాన్యం గురువనీ, ఏడాది నిండినది లఘువనీ, మరీ పాతబడినది సారం కోల్పోతుందనీ శాస్త్రం చెబుతుంది. కనుక ఏటేటా పాతవి వండుకుని కొత్తవి నింపాలి.

పెరటిలో ఎప్పుడు విత్తాలి?

నెల్లూరు తీరంలో వర్షాలు ఆలస్యంగా వస్తాయి గనుక గింజకోసం వేసే పైరు విషయంలో ఒక మెలకువ అవసరం. ఆశ్వయుజంలో విత్తిన అలసంద, పెసర కాయలు పండే వేళకు వానలో నాని చెట్టుమీదనే మొలకెత్తుతాయి, బూజు పడతాయి. వానలు వెనుకబట్టిన పుష్య మాఘాలలో విత్తితే 65 మొదలు 80 రోజులలో, చైత్రపు పొడి ఎండలలో కాయ ఎండి చేతికి వస్తుంది. ఇసుక నేలలో పశువుల ఎరువు వేసి, పదును చూసి తడిపితే చాలు. నీరు నిలిస్తే వేరు కుళ్ళుతుంది. ఉలవ అల్పజలంతోనే పండుతుంది. పందిరి చిక్కుడును ఆషాఢంలో నాటితే పగలు కురచయ్యే శీతకాలంలో పూతకు వస్తుంది.

ఉప్పునీరు ముంచిన నేలలో పెసర నిలువదు. అట్టిచోట గోరుచిక్కుడు మేలు. ఆ తరువాత అలసంద. అంతకు ముందు వాననీటితో ఉప్పును దిగువకు కడిగి, జీలుగు వేసి దున్నడం మంచిది.

విత్తనానికై ఆరోగ్యమైన చెట్టును ముందే గుర్తించి, దాని కాయలు కోయక చెట్టుననే ఎండనివ్వాలి. ఈ జాతులు చాలావరకు స్వపరాగ సంపర్కం గలవి గనుక గుణం మారదు.

పుచ్చు పురుగు అసలు శత్రువు

తుపానుకన్న ముందుగా మన నిల్వను నాశనం చేసేది పుచ్చు పురుగు. పొలంలోనే కాయమీద, ఇంటిలో గింజమీద అది గుడ్లు అంటిస్తుంది. పరిశీలించి చూస్తే అవి తెల్లని చుక్కలుగా కనబడతాయి. పిల్ల పురుగు గింజలోనికి తొలిచి, పప్పు తిని, సుమారు నెలలో గుండ్రని రంధ్రంగుండా బయటికి వస్తుంది. రంధ్రం కనబడినప్పటికే నష్టం జరిగిపోయింది. దీనికి నివారణ ఇలా:

1. కొత్త గింజలను వైశాఖపు ఎండలో మూడు నాలుగు రోజులు పలుచగా ఆరబోయాలి. కొరికితే టక్కున విరగాలి. పంటి గాటు పడితే ఇంకా తడి ఉన్నదన్నమాట.

2. మరొక పరీక్ష. వేయించి చల్లార్చిన ఉప్పును, గింజలను పొడి సీసాలో వేసి కుదిపి, కొంతసేపు ఉంచాలి. ఉప్పు సీసా గోడకు అంటితే మరల ఎండబెట్టాలి.

3. తినే గింజలకు కిలోకు ఒక చెంచా, అనగా 5 మిల్లీలీటర్ల వేరుసెనగ నూనెను అరచేతులతో సమంగా పట్టించాలి. ఈ పూత గుడ్లను చంపుతుంది.

4. విత్తనపు గింజలను జల్లించిన పొడి బూడిదలో, గింజకు సమానమైన కొలతలో కలిపి, పైన రెండంగుళాల మందం బూడిద కప్పాలి.

5. జాడీనైనా, శుభ్రమైన శీతలపానీయపు సీసానైనా అంచుదాకా నింపి, మూత గట్టిగా బిగించాలి. లోపల గాలి ఎంత తక్కువైతే పురుగుకు ఊపిరి అంత కరవు.

ఒకే పాత్రలో అంతా ఉంచరాదు. ఒకటి అటకమీద, మరొకటి ఎత్తైన ఊరిలోని బంధువుల ఇంట ఉంచడం వివేకం. విత్తనాల పైన పేరు, సంవత్సరం వ్రాయాలి. విత్తే ముందు ఇరవై గింజలను తడిబట్టలో చుట్టి, పదహారైనా మొలిస్తేనే వాడాలి. మందు కలిపిన విత్తనాన్ని ఎన్నడూ తినరాదు.

వండుకునే తీరు

తీరంలోని బోరు నీరు చాలాచోట్ల గట్టినీరు. దానితో పప్పు త్వరగా ఉడకదు. పట్టిన వాననీటిని కాచి వాడితే ఇంధనం కలిసివస్తుంది. రాత్రంతా నానవేసి, మరునాడు ఆ నీరు పారబోసి ఉడికించాలి. చింతపండు, ఉప్పు చివరనే వేయాలి. పులుపు ముందే పడితే గింజ మెత్తబడదు. పెసలయితే పది నిమిషాలు మరిగించి, మూతతో సహా గిన్నెను కంబళిలో చుట్టి ఉంచినా ఆ వేడికే మెత్తబడతాయి. తినబోయే ముందు మరల ఒకసారి మరిగించాలి.

ఎండిన చిక్కుడు గింజలలో విషలక్షణం గల పదార్థాలున్నవి. నానిన నీరు, తొలి మరుగు నీరు పారబోసి, మెత్తగా ఉడికిన పిదపనే తినాలి. రాజ్మాను కూడా పచ్చిగాను, సగం ఉడికినదిగాను తినరాదు. వరద వేళ కాచని నీటిలో మొలకలు కట్టడం ప్రమాదకరం.

పొయ్యి రాజవేసే వీలులేని రోజుకు పుట్నాలపప్పు, అటుకులు, బెల్లం పొడి డబ్బాలో ఉండనివ్వండి. వరద తరువాత పిల్లలకు విరేచనాలయితే వెంటనే ఓఆర్ఎస్ ద్రావణం ఇచ్చి, వైద్యుని సంప్రదించాలి. పెసరకట్టు ఆ చికిత్సకు బదులు కాదు. మూత్రపిండ వ్యాధి గలవారు తమ మోతాదును వైద్యుని అడిగి తెలుసుకోవాలి.

1876-78 నాటి మహాకరవులో నెల్లూరు జిల్లా ఎంతో నలిగిపోయింది. కరవు వేళ విత్తనపు గింజను కూడా తినవలసి వచ్చిన సంసారానికి, వాన కురిసిన తరువాతనైనా విత్తడానికి ఏముంటుంది? అందుకే తినే జాడీ వేరు, విత్తనపు జాడీ వేరు. మొదటిది పది రోజులు గడుపుతుంది. రెండవది మరుసటి ఏడు నిలుపుతుంది. ఈ వేసవి ఎండ వృథా కాకముందే ఆ రెండింటినీ నింపుకోండి.