రోగి పోయిన దారి

మన సంఘపు అడ్వాన్సు పుస్తకములో "వైద్య ఖర్చు నిమిత్తము" అను పద్దు తరచు కనబడును. సొమ్మెంత ఇచ్చినదీ అందులో ఉన్నది. రోగి ఎక్కడికి పోయినదీ లేదు. ఈ నడుమ తీసుకొన్నవారిని ఒక్కొక్కరినే అడిగితిని.

గౌనిపల్లి కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలోనిది. కాగితము ప్రకారము మన పెద్దాసుపత్రి కోలారులో ఉన్నది. మనవారు ఎక్కువగా చెప్పినది మదనపల్లె. అక్కడ బాధ తెలుగులో చెప్పుకొనవచ్చును, చుట్టముల ఇంట తలదాచుకొనవచ్చును. ఇది కొత్త అలవాటు కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ శానిటోరియం 1915లో తెరచిన నాడు ఇటు మైసూరు సంస్థానము, అటు మద్రాసు రాజధాని. దగ్గు హద్దు చూచి ఆగునా?

ఒక సభ్యుని సంగతి చెప్పెదను. నెలనాళ్లుగా దగ్గు. దగ్గరి ఆసుపత్రికి మూడు పర్యాయములు పోయి మూడు సీసాల మందు తెచ్చుకొనెను. కళ్లె పరీక్ష ఎవరును చేయలేదు. తుదకు హద్దు దాటి పోగా క్షయ అని తేలెను. అంతవరకు పడుగు మగ్గము మీదనే ఉండిపోయెను. కండెలు చుట్టు భార్యకును మజూరి లేదు. ఆ మొదటి ఆసుపత్రివారు అతనికి నయమైనదనియే తలచి యుందురు. మరల రాని రోగి సంగతి రిజిస్టరుకు ఎట్లు తెలియును?

ఈ ప్రశ్నను వెనుక తుమకూరు జిల్లాలో అడిగినవారు కలరు. బెంగుళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థకు చెందిన బెనర్జీ, ఆండర్సన్ గార్లు పల్లెలలోని క్షయరోగులను కలిసి, జబ్బు తెలిసి ఎక్కడికి పోయితిరని విచారించిరి. 1963లో ప్రకటించిన ఫలితము: సగముకంటె ఎక్కువమంది అప్పటికే వైద్యము కొరకు ఎక్కడికో పోయినవారే! తప్పు రోగిది కాదు, పోయినచోట జబ్బును పట్టకపోవుటది. జాతీయ క్షయ కార్యక్రమము ప్రత్యేక ఆసుపత్రులను నమ్ముకొనక, మామూలు ధర్మాసుపత్రిలోనే కళ్లె పరీక్ష, మందు ఉండవలెనని పట్టుటకు ఇట్టి విచారణలే ఆధారము.

మైదానములో 5,000 మందికి ఉపకేంద్రము, 30,000 మందికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రము అను నియమము తలలను లెక్కించును, బస్సు ఎటు పోవునో చూడదు. అమెరికాలో 1996లో రోగులు గుండె, మెదడు శస్త్రచికిత్సలకు నిజముగా పోయిన ఊళ్లను బట్టి దేశమును 306 వైద్య ప్రాంతములుగా గుర్తించిరి. వాటిలో కొన్ని రాష్ట్రపు గీతలు దాటినవి.

కనుక వచ్చే నెల నుండి అడ్వాన్సు పుస్తకములో నాలుగు గళ్లు చేర్చుచున్నాము: మొదట పోయిన చోటు, తరువాత పోయిన చోటు, బస్సు ఖర్చు, మగ్గము ఆగిన దినములు. ఆరు నెలల లెక్క పేర్లు లేకుండ కోలారు జిల్లా ఆరోగ్యాధికారికి పంపెదము, నకలు మదనపల్లె వారికిని. ఆడవారి జబ్బులు కూడా వ్రాయించుడు. వారు పోకుండ ఇంటనే ఓర్చుకొన్నచో, "పోలేదు" అనియే వ్రాయవలెను.