చాదరు తిరగేసి చూసినట్టు

మా మనుమరాలు వీడియో గేముల్లోకి బొమ్మలు చేసే పని నేర్చింది. ఇండ్లు, కత్తులు, బండ్లు, అన్నీ కంప్యూటర్ల మీదనే. మన షోలాపూర్‌ల ఆ పని దొరకదు, పుణెలో వెతకాలె. ఎనిమిది నెలలు అర్జీలు పంపింది. చాలా చోట్ల నుంచి జవాబే లేదు. కాలం కూడా బాగలేదు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ ఒక్కటే తన గేముల విభాగం నుంచి 1,900 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. అట్ల బయటపడ్డ అనుభవస్తులు కూడా ఉన్న కొద్ది పనికే వస్తరు. మిల్లు మూతబడ్డప్పుడు పవర్‌లూమ్ కార్ఖానాల గేట్ల ముందు మేము నిలబడ్డట్టే.

ఆఖరికి ఒక పెద్ద ఆర్టిస్టు ఆమె బొమ్మలు చూసి, "పైకి బాగున్నయి, లోపలి అల్లిక ఏది?" అన్నడట. నాకు నవ్వొచ్చింది. మా జకార్డు మాస్టరు కూడా చాదరు మీది పువ్వు చూసి ఊరుకునేటోడు కాదు, తిరగేసి దారాలు చూసేటోడు. గేము బొమ్మను చిన్న చిన్న మూడు మూలల ముక్కలతో కడతరు. ముక్కలు మరీ ఎక్కువైతే ఆట ఆగి ఆగి నడుస్తది. రంగులు వేయాలంటే బొమ్మను కుట్లు విప్పిన అంగీలెక్క చదునుగ పరచాలె.

ఇరవై బొమ్మల్లో పదహారు తీసేసింది. ఉన్న నాలుగింటి పక్కన అల్లిక, ముక్కల లెక్క పెట్టింది. అందులో ఒకటి మన మగ్గమే. నాడె పోయే దారి తప్పు చేస్తే నేనే దిద్దిన.

పోయిన నెల పని దొరికింది, మూడు నెలల కాంట్రాక్టే. వాళ్లమ్మ సంబంధాల మాట ఎత్తింది. నేను పిల్లను పుణె బస్సు ఎక్కించి వచ్చిన.